లీటరుకి ఎంత దూరం

నేను ఒక అంకెను. పుస్తకంలో పెన్నుతో రాసే అంకెను కాదు. కారులో స్టీరింగు వెనకాల, స్పీడు చూపించే గుండ్రటి పలక కింద, బొటనవేలి గోరంత గాజు కిటికీ ఒకటి ఉంటుంది. అందులో పచ్చగా వెలుగుతూ, క్షణానికోసారి మారిపోతూ కనిపించేది నేనే. నాకు పేరు లేదు. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో నా గురించి పావు పేజీ రాశారట. ఆ పుస్తకం మొదటి యజమాని ఇంట్లోనే అటకెక్కింది. అటక మీద నుంచి ఏ పుస్తకమూ ఎవరికీ ఏమీ చెప్పలేదు కదా.

నేను పుట్టింది ఒక పెద్ద కర్మాగారంలో. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నన్ను పలకలో బిగించింది. పొద్దున్నుంచి నాలాంటివి వందల కొద్దీ బిగించి ఉంటుంది, ఆవలిస్తూనే బిగించింది. వైర్లు తగిలించి కరెంటు ఇవ్వగానే నేను సున్నాగా కళ్ళు తెరిచాను. ఆమె నా వంక చూసి తల ఊపి, పక్కదాన్ని అందుకుంది. నన్ను చూసి ఎవరూ కంగారు పడకుండా, ఎవరూ సంబరపడకుండా ఉన్నది అదే మొదటిసారి. చివరిసారి కూడా అనుకుంటాను.

నా పని చాలా చిన్నది. ఇంజనులోకి ఇప్పుడు ఎంత పెట్రోలు చిమ్మారో నాకు కబురు వస్తుంది. చక్రాలు ఇప్పుడు ఎంత దూరం దొర్లాయో కబురు వస్తుంది. ఆ రెండూ విని నేను ఒకే మాట చెబుతాను. ఈ క్షణంలో నడుపుతున్నట్టే నడిపితే, ఒక్క లీటరుతో ఎన్ని కిలోమీటర్లు పోతావో ఆ మాట. మెత్తగా, నిలకడగా పోతే ఇరవై అంటాను. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే నాలుగు అంటాను. పల్లంలో కాలు ఎత్తేస్తే ఇంజనులోకి చుక్క కూడా పోదు, కారు దాని బరువుకి అదే దొర్లుతుంది. అప్పుడు ఏం చెప్పాలో నాకు తెలియదు. నా కిటికీలో పట్టే అన్నిటికంటే పెద్ద అంకె తొంభై తొమ్మిది, అది చూపించి ఊరుకుంటాను. ఇంజను ఆడుతూ కారు నిలబడి ఉంటే పెట్రోలు ఖర్చవుతుంది గానీ దూరం జరగదు. అప్పుడు సున్నా.

ఇంతే నా చదువు. ఇందులో అర్థం కానిది ఏముంది అనుకునేదాన్ని, మనుషుల చేతిలో పడేదాకా.

మొదటి యజమాని విశాఖపట్నంలో బ్యాంకు ఆఫీసరు వెంకటాచలం గారు. ఆయన నన్ను పరీక్ష మార్కుల్లాగా చూసేవారు. ఇరవై రెండు వచ్చిందంటే వీపు నిటారుగా అయ్యేది. పదికి పడిందంటే ముఖం వాడిపోయేది. వెనక బస్సు హారను కొడుతూనే ఉండేది, ఆయన మాత్రం పాదాన్ని పువ్వు మీద పెట్టినట్టు పెట్టేవారు. ఒకసారి సింహాచలం కొండ దిగుతూ నేను తొంభై తొమ్మిది చూపిస్తే, స్టీరింగు వదిలేసి దణ్ణం పెట్టబోయారు. "చూశావా కామాక్షీ, దర్శనం చేసుకు వస్తుంటే మైలేజీ ఎలా పెరిగిందో! అంతా అప్పన్న దయ." ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "అప్పన్న కొండ ఎక్కేటప్పుడు దయ చూపించలేదేం? నాలుగే కదా వచ్చింది?" అన్నారు.

చివరికి కామాక్షి గారికి విసుగొచ్చింది. ఒకరోజు నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి, సరిగ్గా నా మీద అంటించేశారు. "ఇక రోడ్డు చూసి నడపండి," అన్నారు. తర్వాత రెండేళ్ళు నేను ఎర్రని చీకట్లో అంకెలు చెప్పుకుంటూ కూర్చున్నాను. బాధ అనిపించలేదు. వినేవాళ్ళు లేకపోతే తప్పుగా వినేవాళ్ళు కూడా ఉండరు.

ఆయన పెద్ద కారు కొనుక్కున్నాక నేనున్న కారు బేరగాడి చేతికి, అక్కడి నుంచి శ్రీకాకుళం దాటి ఉద్దానంలో ఒక పల్లెకి వచ్చింది. కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్న ఊరు. కొన్నవాడి పేరు కూర్మారావు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎక్కడో పడమటి సముద్రం ఒడ్డున ఓడరేవులో పదేళ్ళు పని చేసి, పని మానుకుని ఇంటికి వచ్చేశాడు. వాళ్ళ అప్ప తవిటమ్మ కోసం వచ్చాడు. ఆ ఊళ్ళో అక్కను అప్ప అంటారు. తవిటమ్మకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. ఆమె భర్త అదే జబ్బుతో అంతకు మూడేళ్ళ ముందే పోయాడు. సోమ, బుధ, శుక్రవారాలు ఆమెను పట్నం తీసుకెళ్ళి యంత్రం మీద పెట్టాలి. ఆ యంత్రం నాలుగు గంటల సేపు ఆమె రక్తాన్ని బయటికి తీసి, కడిగి, ఒంట్లో చేరిన నీళ్ళు తీసేసి మళ్ళీ లోపలికి పంపుతుంది. ఒక్క వంతు తప్పితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. అప్పుడు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే గాలి అందక కొట్టుకుంటుంది. ఇదంతా నేను ముందు సీటు మాటల్లో విని నేర్చుకున్నదే.

అందుకే ఆ కారు. తవిటమ్మతో పాటు అదే వీధిలోని బైరాగి తాత కూడా ఎక్కేవాడు. ఒకప్పుడు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపిన మనిషి, ఇప్పుడు ఇద్దరు పట్టుకుంటే గానీ కారు ఎక్కలేడు. అతనిదీ అదే జబ్బు, అవే మూడు రోజులు, అదే పదకొండు గంటల వంతు.

కారు వచ్చిన రోజున తవిటమ్మే నా మీది బొట్టుబిళ్ళను చూసింది. జీడిపిక్కలు ఒలిచే పనిలో ఆమె వేళ్ళ చివర్లు నల్లగా మాడిపోయి ఉండేవి. ఆ నల్లటి గోటితో మెల్లగా గీకి తీసింది. "పాపం, ఎవులో ముత్తయిదువ బొట్టు," అని దాన్ని పారేయకుండా డాష్‌బోర్డు మూలకి అంటించింది. నాకు వెలుతురు వచ్చింది. కష్టాలు కూడా అప్పుడే మొదలయ్యాయి.

నా పక్కనే ఇంకో కొలత ఉంది. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు. అది సగం దగ్గర ఇరుక్కుపోయింది. ట్యాంకు నిండినా సగమే, ఎండినా సగమే. మేస్త్రీ చూసి, ట్యాంకు దింపి లోపల పెట్రోలు మీద తేలే బెండు మార్చాలి, రెండు రోజులు కారు వదిలెయ్యమన్నాడు. మధ్యలో వంతు వస్తుంది కదా, ఎలా వదలడం? కూర్మారావు తర్వాత చూద్దామన్నాడు. ముల్లు చెప్పదు కాబట్టి నా మీద పడ్డాడు. "మరిదేటి?" అని కారు వచ్చిన రోజునే బేరగాణ్ణి అడిగి ఉన్నాడు. వాడు డబ్బులు జేబులో పెట్టుకునే తొందరలో, "అదా, పెట్రోలు ఎంత తాగుతుందో సెప్పే అంకె," అని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో చూడండి.

మొదటి ప్రయాణంలోనే జాతీయ రహదారి మీద రైలుగేటు వంతెన ఎక్కారు. ఎక్కుతుంటే నేను అయిదుకి పడ్డాను. కూర్మారావు, "అయిదే తాగుతంది, మంచి బండేనప్పా," అని మురిసిపోయాడు. వంతెన నెత్తి దాటి దిగుతూ కాలు ఎత్తాడు. నేను ఎగిరి తొంభై తొమ్మిదికి పోయాను.

"ఓలమ్మో! ఇదేటప్పా, తొంభై తొమ్మిది తాగేత్తంది!" అంటూ బ్రేకు తొక్కేశాడు. వెనక సీట్లో బైరాగి తాత ముందుకి పడబోయి పట్టుకున్నాడు.

"ఒరే కూర్మా, నా వొయిసులో కల్లుపాకల కాడ కూడా ఇంత తాగినోణ్ణి సూల్లేదురా. నీ బండికి కార్జం సెడిపోద్ది, సూసుకో."

"తాతా, నీకు నవ్వులాటగుంది. ఇలా తాగితే శుక్రారం దాకా వొస్తాదేటి?"

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. ఆ పల్లంలో ఇంజను ఒక్క చుక్క తాగలేదు నాయనా, దాని అంతటి పుణ్యాత్మురాలు ఆ క్షణాన రోడ్డు మీద లేదు, అని. కానీ నాకున్నవి అంకెలే. నేను ఎంత నిజం చెబితే అతను అంత భయపడ్డాడు.

ఆనాటి నుంచి కూర్మారావు నన్ను చిన్నగా ఉంచడానికి ప్రయత్నం మొదలుపెట్టాడు. రెండో గేరులోనే లాగితే నేను చిన్నగా ఉంటానని కనిపెట్టాడు. ఇంజను గోల పెట్టేది. "అద్గదీ, మాట ఇంటంది," అనేవాడు. తర్వాత ఇంకోటి కనిపెట్టాడు. రహదారి మీద పోతే నేను ఇరవై చూపిస్తాను, తోటల మధ్య గోతుల దారిలో పోతే ఏడు దాటను. దూరం రెండింటికీ ఇంచుమించు ఒకటే. ఇంకేముంది, రహదారి మానేసి తోటల దారి పట్టాడు. ఊళ్ళో అందరికీ చెప్పాడు కూడా. "రోడ్డు మీద ఇరవై తాగేదాన్ని ఏడుకి దింపేసినాను." వాళ్ళంతా, రేవులో పని చేసొచ్చినోడు, యంత్రాల గుట్టు తెలిసినోడు అన్నారు. నన్ను వచ్చి చూసిన వాళ్ళలో ఒక్కరు కూడా, ఏడు ఏమిటి, దేనికి ఏడు అని అడగలేదు. మనుషులకి అంకె కనపడితే చాలు, ఇక ప్రశ్న అక్కర్లేదు.

అతన్ని తిట్టడానికి నాకు మనసు రాదు. అతను అదంతా అప్ప కోసమే చేశాడు. పోయించిన పెట్రోలు అయిపోయి ఒక్క వంతు కూడా తప్పకూడదని అతని ఆరాటం. ఆసుపత్రి ఆవరణలో తవిటమ్మ యంత్రం దిగి, పాలిపోయి, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చునేది. బైరాగి తాతకు సూది గుచ్చిన చోట రక్తం ఆగడానికి ఇంకో గంట పట్టేది. ఆ గంటా కూర్మారావు ఇంజను ఆడిస్తూ ఏసీ వేసి ఉంచేవాడు. నేను సున్నా చూపించేదాన్ని. "పడుకో అప్పా, సల్లగా పడుకో. సుక్క కూడా తాగట్లేదు, సూడు, సున్నా," అనేవాడు, అప్ప కాళ్ళ మీద తువ్వాలు కప్పుతూ. అతని చేతిలోని ప్రేమా నిజమే, నాలోని సున్నా కూడా నిజమే. ఆ రెండు నిజాలూ కలిసి ట్యాంకును ఖాళీ చేస్తున్నాయి.

తవిటమ్మ తక్కువ మాట్లాడేది. ఆమె ఒళ్ళో ఎప్పుడూ ఒక నీళ్ళ సీసా ఉండేది, మూడు చోట్ల గోళ్ళరంగుతో గీతలు గీసినది. కిడ్నీలు పని చేయని వాళ్ళు దాహమైనంత తాగకూడదు. డాక్టరమ్మ ఆమెకు రోజుకి ముప్పావు లీటరు అంది. పొద్దుటికి ఒక గీత, మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి. గుక్క నోట్లో పోసుకుని, మింగకుండా చాలాసేపు అటూ ఇటూ తిప్పుకునేది. అలా తిప్పుకుంటూ నా వంక చూసేది. ఆమె చూపు మిగతావాళ్ళ చూపులా ఉండేది కాదు. సంబరమూ లేదు, భయమూ లేదు. ఏదో కనిపెడుతున్నట్టు చూసేది.

ఒకసారి తోటల దారిలో అడిగింది. "ఇంజనేమో అరుత్తంది, అంకేమో సిన్నదవుతంది. అరిసేటప్పుడు ఎక్కువ తాగదేట్రా తమ్ముడూ?"

"అరిసేది గోతులకి. తాగేది వేరే. ఊరుకో అప్పా, నీకేటి తెలుసు."

ఆమె గోతి వచ్చినప్పుడల్లా సూదులు గుచ్చే ఎడమ చేతిని కుడిచేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునేది. నేను మాత్రం ఆమె అడిగిన ప్రశ్నను తలుచుకుంటూ ఏడు, ఆరు, ఏడు అంటూ పోయాను.

అలా రెండు నెలలు గడిచాయి. పెట్రోలు ముందుకంటే తొందరగా అయిపోతోందని కూర్మారావుకి అనుమానం రాకపోలేదు. కానీ బంకువాడు తక్కువ పోస్తున్నాడనుకున్నాడు.

ఆ సోమవారం సంగతి చెబుతాను. శుక్రవారం తర్వాత మధ్యలో రెండు రోజుల ఖాళీ వస్తుంది కాబట్టి, యంత్రం మీద బతికేవాళ్ళకి సోమవారం అన్నిటికంటే కష్టమైన రోజు. ముందు రోజు, ఆదివారం, ఎండ మండిపోయింది. తవిటమ్మ మూడో గీత దాటి ఇంకో గ్లాసు తాగేసింది. పొద్దున్న కారెక్కేటప్పటికే ముఖం ఉబ్బి, కళ్ళు గీతల్లా అయిపోయాయి. రాత్రంతా పడుకోలేక గోడకి ఆనుకుని కూర్చుందట. రెండు మాటలకి ఒకసారి ఊపిరి పీల్చుకుంటోంది.

"పెట్రోలు పోయించుకుని రోడ్డు మీద ఎల్దామురా," అన్నాడు బైరాగి తాత.

"శుక్రారం పోయించిందే ఉంది తాతా. ఏడు లెక్కన తాగితే ఇయ్యాల దర్జాగా ఎల్లొచ్చేస్తాం. బంకు కాడ ఆగితే ఆలీసం." బంకు రహదారి మీద ఉంది. కారు తోటల దారిలోకి తిరిగింది.

మలుపు నుంచి మూడు కిలోమీటర్లు పోయాక, జీడితోటల మధ్య, ఇంజను రెండుసార్లు దగ్గింది. ఒకసారి కుదిపింది. ఆగిపోయింది.

తాళం తిప్పే ఉంది కాబట్టి నేను వెలుగుతూనే ఉన్నాను. సున్నా చూపిస్తూ. కూర్మారావు తాళం మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. పక్కన ముల్లు వంక చూశాడు, సగం. నా వంక చూశాడు, సున్నా. "సగం ఉంది గదా! ఏటీ తాగట్లేదు గదా! మరేటొచ్చినాది దీనికి?" దిగి బానెట్టు ఎత్తాడు. ఎత్తి ఏం చూడాలో తెలియక మళ్ళీ దించాడు. ట్యాంకు మూత తీసి, దాని దగ్గర చెవి పెట్టి, కారును అటూ ఇటూ ఊపాడు. లోపల ఏమీ కదల్లేదు. అతని ముఖం అప్పుడు ఎలా మారిందో నాకు అద్దంలో కనిపించింది.

"మీరు కదలకండి. నానిప్పుడే వొచ్చేత్తాను," అని పరుగెత్తాడు. అవతల ఒక చిన్న ఊరుంది, అక్కడ కిరాణా కొట్లో మోటారుసైకిళ్ళ వాళ్ళ కోసం సీసాల్లో పెట్రోలు అమ్ముతారు. నాలుగు తలుపులూ తెరిచే ఉన్నాయి. గాలి ఆడటం లేదు. అప్పటికి పదింబావు. వాళ్ళ వంతు పదకొండింటికి.

తాళం తీయలేదు కాబట్టి గడిచే ప్రతి నిమిషమూ నాకు తెలుస్తూనే ఉంది. తవిటమ్మ రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి, ముందుకి వంగి గాలి తీస్తోంది. ఆమె ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. ఊపిరితో పాటు లోపల బుడగలు ఆడుతున్నట్టు చప్పుడు.

"ఒలే తవిటీ, మాటాడకు. ఊపిరి తీసుకో," అన్నాడు వెనక నుంచి తాత.

ఆమె మాట్లాడకుండా ఉండలేకపోయింది. ముక్కలు ముక్కలుగా అంది. "తాతా... ఇప్పుడు సుక్క పెట్రోలు నేదు. సున్నా. ఆసుపత్రి కాడ... సల్లగాలేసుకుని కూకుంటాం గదా... అప్పుడూ సున్నాయే. అప్పుడు ఇంజను ఆడతంది. ఇప్పుడు ఆడట్లేదు. రెంటికీ... ఒకే అంకె ఎలాగొస్తాది?"

"ఏటో తల్లీ. నాకు తెలిసింది కొబ్బరికాయల లెక్కే."

"రెండుసార్లూ... మనం కదల్నేదు తాతా."

నేను వెలుగుతూనే ఉన్నాను. ఇన్నేళ్ళలో నా లోపలికి చూసిన మొదటి మనిషి, చూస్తున్న సమయంలోనే చచ్చిపోయేట్టుంది.

ఆమె ఒళ్ళోని సీసా ఎత్తి చూసుకుంది. "డాక్టరమ్మ ఇచ్చింది ముప్పావు లీటరు. నీడ పట్టున పని చేసుకుంటే... ఈ నీల్లతో సందేల దాకా ఎల్లిపోతాను. ఎండలో ఊరికే నిలబడ్డాననుకో... మద్దినానికే సీసా కాళీ. ఎక్కడికీ ఎల్లను గానీ... నీల్లు అయిపోతాయి." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇది తాగింది సెప్పట్లేదు తాతా. తాగినదాంతో... ఎంత దూరమెల్తామో సెప్తంది. పెద్ద అంకె మంచిది. మా తమ్ముడు తిరగేసి సదివినాడు."

కూర్మారావు తిరిగి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. చేతిలో ఒకే ఒక్క లీటరు సీసా. కొట్లో అంతే ఉందట. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. ట్యాంకులో పోసి, తాళం తిప్పి, ఇంజను రాగానే ముందుకి, తోటల దారిలోకే పోనివ్వబోయాడు.

తవిటమ్మ స్టీరింగు మీద చెయ్యి వేసింది. "యెనక్కి తిప్పు. రోడ్డెక్కు."

"అప్పా! ఇలా పద్నాలుగు కిలోమీటర్లే. ఏడే తాగుతాది. రోడ్డెక్కితే ఇరవై తాగేత్తాది, మద్దిలో ఆగిపోతాం!"

"తాగడం కాదురా... ఎల్లడం. లీటరుకి ఏడే ఎల్తాది ఇలాగ. సగం దారిలో... మల్లీ ఆగిపోతాం. రోడ్డెక్కి బంకు దాకా... పన్నెండు. ఎల్లగలం."

"నీకెలా తెలుసప్పా?"

ఆమె దగ్గర చెప్పడానికి ఊపిరి లేదు. సీసా ఎత్తి చూపించింది, అంతే. కూర్మారావుకి ఏం అర్థమైందో నేను చెప్పలేను. అర్థమై కాదు, అప్ప పెదవులు నీలంగా మారడం చూసి తిప్పాడనుకుంటాను.

మూడు కిలోమీటర్లు వెనక్కి గోతుల్లో. నేను ఏడు. తర్వాత రహదారి. "మెల్లగా తొక్కు... గేర్లు ఎయ్యి," అంటోంది తవిటమ్మ, ఆమె చూపు నా మీదే. మూడో గేరు, పదమూడు. నాలుగు, పదిహేడు. అయిదు, ఇరవై. రెండు నెలల్లో మొదటిసారి ఇంజను గోల ఆపింది. కూర్మారావు బిగబట్టిన పళ్ళ మధ్య నుంచి, "ఇరవై ఒకటి అప్పా," అన్నాడు, ఏడుస్తున్నట్టు. రైలుగేటు వంతెన ఎక్కి దిగుతుంటే నేను తొంభై తొమ్మిదికి ఎగిరాను. అతని కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. "ఒగ్గేయ్," అందామె. వదిలేశాడు. కారు ఏమీ తాగకుండా అర కిలోమీటరు దొర్లింది. నా జీవితంలో అంత గర్వపడిన అర కిలోమీటరు లేదు. అంత భయపడినదీ లేదు.

బంకు చేరారు. పోయించుకున్నారు. ఆసుపత్రికి వెళ్ళేసరికి పన్నెండున్నర దాటింది. తాళం తీశారు, నేను ఆరిపోయాను.

తాళం తీసేస్తే నాకు కాలం ఉండదు. మళ్ళీ వెలిగేటప్పటికి పొద్దు వాలుతోంది. ఎవరు కూర్చుంటారా అని చూశాను. వెనక సీట్లో తవిటమ్మ పడుకుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది, కానీ ఊపిరి నెమ్మదిగా, చప్పుడు లేకుండా ఆడుతోంది. ముందు సీట్లో బైరాగి తాత. అతని ముఖం పొద్దున్న ఉన్నంత ఉబ్బుగానే ఉంది. చేతికి దూది పట్టీ లేదు.

లోపల జరిగింది తర్వాత మాటల్లో తెలిసింది. ఆలస్యం అయ్యేసరికి వాళ్ళిద్దరి యంత్రాలూ తర్వాతి వాళ్ళకి ఇచ్చేశారు. ఇంకెవరో మనిషి రాకపోవడంతో ఒక్క యంత్రం ఖాళీగా ఉంది. ఆ మనిషి ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. ఇద్దరిలో ఎవర్ని పెట్టమంటారని నర్సమ్మ అడిగితే, తాత గోడకి ఆనుకుని, "దాన్ని ఎక్కించండి. నాను సెట్లెక్కినోణ్ణి, ఇంకో రోజు ఊపిరి బిగబట్టగల్ను," అన్నాడట. అతనికి మర్నాడు పొద్దున్న ఏడింటికి వంతు ఇచ్చారు.

ఆవరణ దాటకముందే కూర్మారావు కారు ఆపి, స్టీరింగు మీద తల పెట్టేశాడు. "నానే మిమ్మల్ని సంపేసేవోణ్ణి తాతా."

"సంపలేదు గదా. సగమే సంపినావు," అన్నాడు తాత. అని నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గులో పొద్దున్న తవిటమ్మ దగ్గర విన్న చప్పుడే విన్నాను.

మర్నాడు నేను వెలిగేసరికి ఇంకా తెల్లగా తెల్లవారలేదు. తవిటమ్మ కూడా వచ్చింది, నిన్ననే యంత్రం మీద నుంచి దిగిన మనిషి ఇంట్లో పడుకోవచ్చు కదా, వినలేదు. కారు తాత గుమ్మం ముందు ఆగింది. కూర్మారావు హారను కొట్టాడు. ఎవరూ రాలేదు. రెండోసారి కొట్టడానికి చెయ్యి పెట్టి, కొట్టకుండా తీసేశాడు. కొడితే ఏం జవాబు వస్తుందోనని భయం. నేను సున్నా చూపిస్తూ ఉన్నాను. నా గురించి ఎవరికీ పట్టలేదు.

తలుపు తెరుచుకుంది. కోడలి భుజం పట్టుకుని, అడుగుకోసారి ఆగుతూ తాత వచ్చాడు. ముందు సీట్లో కూర్చోబెట్టి, తవిటమ్మ వెనక నుంచి అతని వీపుకి తలగడ ఆనించి పట్టుకుంది. తోటల దారి మలుపు రాగానే కారు రహదారి వైపు తిరిగింది. పన్నెండు, పదిహేడు, ఇరవై. కొబ్బరితోటల వెనక వెలుగు వస్తోంది. రోడ్డు ఖాళీగా ఉంది.

బైరాగి తాత చాలాసేపు నన్నే చూశాడు. చూసి, నెమ్మదిగా అడిగాడు.

"ఒరే కూర్మా... ఇది ఇంకా ఎంత మిగిలిందో సెప్తాదేట్రా?"

"సెప్పదు తాతా. ఇప్పుడెలాగ ఎల్తన్నామో, అదొక్కటే సెప్తాది."

"ఎలాగెల్తన్నాం?"

"ఇరవై రెండు."

"అయితే పోనీయ్," అన్నాడు తాత, తల వెనక్కి వాల్చి.

అతను అడిగింది నాకు తెలిసి ఉంటే చెప్పేదాన్ని. ట్యాంకులో ఎంత ఉందో, మనిషిలో ఎంత ఉందో నాకు ఏ తీగా కబురు తీసుకురాదు. పట్నం ఇంకా పదకొండు కిలోమీటర్లు. కూర్మారావు పాదం నిలకడగా ఉంది. నేను ఇరవై రెండు దగ్గర కదలకుండా నిలబడటానికి నా చేతనైనంతా చేస్తున్నాను.